స్టీలు పొరల హెడ్ గ్యాస్కెట్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నా కారు ఇంజన్‌లో సిలిండర్లుండే బ్లాకు ఇనుముది, దాన్ని పైనుంచి మూసే హెడ్ అల్యూమినియంది. ఆ రెంటి మధ్య నుంచి మంట, నీళ్లు, ఆయిల్ బయటపడకుండా ఆపేదే హెడ్ గ్యాస్కెట్. పాత కాంపోజిట్ గ్యాస్కెట్ తీసేసి, ఎంఎల్‌ఎస్ (మల్టీ లేయర్ స్టీల్) అని పిలిచే స్టీలు పొరల గ్యాస్కెట్ వేసి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో కూలెంట్ తగ్గలేదు, ఆయిల్‌లో నీళ్లు కలవలేదు, హెడ్ బోల్టులు మళ్లీ బిగించాల్సిన అవసరమూ రాలేదు. ఈ గ్యాస్కెట్‌కు నేను నిస్సంకోచంగా మంచి మార్కులు వేస్తాను. కానీ ఆ మార్కుల్లో సగానికి పైగా దానికి పైనా కిందా ఉన్న రెండు ఉపరితలాలకే చెందుతాయి. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం వాటి తయారీ గురించే రాస్తున్నాను.

కాంపోజిట్ గ్యాస్కెట్ మెత్తనిది. బోల్టులు బిగిస్తే నలిగి చిన్న చిన్న గీతల్లోకి, గుంటల్లోకి దిగిపోతుంది. స్టీలు గ్యాస్కెట్‌కు ఆ గుణం లేదు. అందులో సాధారణంగా మూడు నుంచి ఐదు పలుచని పొరలుంటాయి. బయటి పొరలకు సిలిండర్ల చుట్టూ, నీటి దారుల చుట్టూ ఉబ్బెత్తుగా గట్లు అచ్చొత్తుతారు. బోల్టులు బిగిసినప్పుడు ఆ గట్లు అణిగి, తిరిగి లేవాలని ఎదురు తోస్తూ ఉంటాయి. మంట ఒత్తిడికి హెడ్ వెంట్రుకవాసి లేచినా సందు పడకుండా కాపాడేది ఆ తోపుడే. ఇక లోహంలోని గరుకును పూడ్చే పని మొత్తం పైనున్న రబ్బరు పూతదే. దాని మందం సాధారణంగా 25 మైక్రాన్ల లోపే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అంత సన్నని పూత నుంచి ఎంత ఆశించగలం?

అందుకే గరుకుతనం లెక్కలు ఇక్కడ అంత కఠినంగా ఉంటాయి. కాంపోజిట్ రకానికి 60 నుంచి 100 మైక్రోఅంగుళాల (అంగుళంలో పది లక్షల వంతు ఒక మైక్రోఅంగుళం) గరుకు ఉన్నా నడుస్తుంది, నిజానికి పట్టు కోసం కొంత గరుకు ఉండాలి కూడా. స్టీలు రకానికి 50 దాటకూడదు, 30 లోపు, అంటే సుమారు 0.75 మైక్రాన్లు ఉంటే నిశ్చింత. దీనికి మరో కారణం వేడి. అల్యూమినియం ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ హెడ్ బ్లాకు మీద కొద్దికొద్దిగా జరుగుతుంది. ఉపరితలం గరుకుగా ఉంటే అది ఆకురాయిలా పూతను గీకేస్తుంది. కొత్తగా వేసినప్పుడు చుక్క కూడా కారని ఇంజన్ కొంతకాలానికి కూలెంట్ తాగడం మొదలుపెడుతుంది.

హెడ్ సంగతి తేలిక, విప్పి మెషిన్ షాపులో ఇస్తే ఫేసింగ్ చేస్తారు, అంటే అడుగు తలాన్ని పలుచగా కోసి చదును చేస్తారు. అక్కడ అడగాల్సింది ఒక్కటే: చివరి కోత నెమ్మదిగా సాగనిచ్చి, గరుకుతనాన్ని ప్రొఫైలోమీటర్‌తో కొలిచి చూపించమనాలి. గోటితో గీసి ‘బాగుంది’ అనే పద్ధతి ఈ స్థాయిలో పనికిరాదు. అద్దంలా మెరిసే హెడ్ మధ్యలో పల్లంగా ఉండవచ్చు. నునుపు వేరు, చదును వేరు. ఎంత లోహం తీశారో కూడా రాసి ఇమ్మనాలి. హెడ్ పలుచబడే కొద్దీ కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులకూ పిస్టన్లకూ మధ్య దూరం తగ్గుతుంది. తయారీదారు చెప్పిన కనీస మందం కంటే తగ్గితే ఆ హెడ్ పక్కన పెట్టాల్సిందే.

అసలు కష్టం బ్లాకు దగ్గర. అది చాలాసార్లు బండిలోనే ఉంటుంది, పిస్టన్లు లోపలే ఉంటాయి. పాత గ్యాస్కెట్ ముక్కలు వదిలించడానికి చేతి గ్రైండరుకు రాపిడి బిళ్ల తగిలించి తిప్పేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పని క్షణాల్లో అయిపోతుంది, నిజమే. కానీ బిళ్ల నుంచి రాలిన అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు ఆయిల్ దారుల్లోకి చేరి బేరింగులను తినేస్తాయి. పైగా బిళ్ల ఆగినచోటల్లా కంటికి కనిపించని పల్లం పడుతుంది. నేను గ్యాస్కెట్‌ను కరిగించే రసాయనం పూసి, నానిన తర్వాత ప్లాస్టిక్ గీకుడు పలకతో తీస్తాను. అంతకూ వదలనివాటికి పదునైన బ్లేడును దాదాపు పడుకోబెట్టి వాడతాను. సిలిండర్లలోకి, నీటి దారుల్లోకి, ఆయిల్ రంధ్రాల్లోకి ఏమీ పడకుండా ముందే గుడ్డలు కుక్కుతాను.

తర్వాత స్ట్రెయిట్ ఎడ్జ్, అంటే అంచు కచ్చితంగా తిన్నగా ఉండే లోహపు పట్టీ. బ్లాకు మీద దాన్ని నిలువుగా ఆనించి వెనక దీపం పెడితే వెలుగు ఎక్కడ తొంగిచూస్తుందో కనిపిస్తుంది. అక్కడ సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.05 మిల్లీమీటర్ల మందం రేకు దూర్చి చూడాలి. పొడవునా, అడ్డంగా, రెండు మూలల నుంచీ ఐమూలగా చూడాలి. సిలిండర్ల మధ్య సన్నని గోడ మీద ప్రత్యేకంగా చూడాలి. రేకు ఎక్కడ దూరినా నా దృష్టిలో ఆ బ్లాకు పనికిరాదు, దించి మెషిన్‌కు పంపాల్సిందే. మొత్తం పొడవులో లెక్క సరిపోయినా 75 మిల్లీమీటర్లలోపే 0.025 మిల్లీమీటర్ల ఎత్తుపల్లం ఉంటే అదీ ప్రమాదమే. గట్లు నెమ్మదిగా వంగిన తలం మీద సర్దుకుంటాయి కానీ, ఉన్నట్టుండి పడిన పల్లాన్ని అందుకోలేవు.

బోల్టు రంధ్రాలను చాలామంది పట్టించుకోరు. రంధ్రంలోని పై మర చుట్టూ లోహం కొద్దిగా పైకి లేచి ఉంటే స్ట్రెయిట్ ఎడ్జ్ దాని మీద ఊగుతుంది. దాన్ని చదునైన నూరుడు రాయితో సవరించాలి. మరలను కొత్తగా కోసే ట్యాప్ కాకుండా, శుభ్రం చేసే చేజర్ వాడాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ఆయిలో కూలెంటో మిగిలితే బోల్టు దిగేటప్పుడు ఆ ద్రవానికి పోయే దారి ఉండదు, బ్లాకు పగిలిపోవచ్చు. బిగింపు లెక్క కూడా తప్పుతుంది. గాలి కొట్టి, గుడ్డ చుట్టిన పుల్లతో అడుగు దాకా తుడిచి చూసుకోవాలి. బిగించినప్పుడు సాగిపోయేలా చేసిన రకం బోల్టులైతే కొత్తవే వేయాలి.

చివరగా జిడ్డు. బ్రేక్ క్లీనర్‌తో, నూగు రాలని గుడ్డతో రెండు తలాలూ తుడిచాక వేళ్లు తగలనివ్వను. గ్యాస్కెట్‌కు సీలెంట్ పూయడం పూర్తిగా వద్దు. టైమింగ్ కవర్ కలిసే మూలల్లో చుక్క పెట్టమని కొన్ని ఇంజన్ల మాన్యువల్ చెబుతుంది, అది వేరే సంగతి.

తర్వాతి కాలంలో వాల్వు పని కోసం అదే హెడ్ విప్పాల్సి వచ్చింది. ప్రతి సిలిండర్ చుట్టూ గట్టు ఆనిన సన్నని గీత ఎక్కడా తెగకుండా, ఒకే వెడల్పుతో కనిపించింది. ఒక్క వెనక నీటి దారి అంచున మాత్రం పూత లేచి, లోపలి స్టీలు బయటపడింది. ముందు నుంచీ చిన్న తుప్పు గుంట ఉన్నది సరిగ్గా అక్కడే. కారలేదు కానీ, మరికొన్నేళ్లు ఆగితే కారేదేమో.

బ్లాకు నిండా తుప్పు గుంటలుండి, దాన్ని దించే వీలు లేకపోతే ఈ గ్యాస్కెట్ కొనవద్దు. అలాంటి ఇంజన్‌కు నేనైతే ఇప్పటికీ ఆ ఇంజన్ కోసం చేసిన మంచి కాంపోజిట్ గ్యాస్కెట్టే వేస్తాను.