లెన్సుకు ఇంట్లో చేసుకునే ట్రైపాడ్ కాలర్: పైపు క్లాంపా, త్రీడీ ప్రింటా, చెక్కా?

కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్/4 ఎల్ జూమ్ లెన్సుతో పాటు ట్రైపాడ్ కాలర్, అంటే లెన్సును ట్రైపాడ్‌కు బిగించే రింగు లాంటి పట్టీ, రాదు. దాన్ని విడిగా కొనుక్కోవాలి. 2006లో వచ్చిన ఐఎస్ (చేతి వణుకును సరిచేసే) రకం బరువు 760 గ్రాములు. కెమెరా అడుగున ఉన్న మర రంధ్రంతోనే ట్రైపాడ్‌కు బిగిస్తే ఆ బరువంతా ముందుకు వేలాడుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో ఫొటో తీసే క్షణాన లోపలి అద్దం పైకి లేచినప్పుడు పుట్టే అదురు తొందరగా అణగదు; 1/60 నుంచి 1/4 సెకను మధ్య షట్టరు వేగాల్లో దాని ప్రభావం బొమ్మ మీద బాగా కనిపిస్తుంది. లెన్సు నడుముకు ఒక పట్టీ వేసి దాని కింద ట్రైపాడ్ పెట్టడమే మందు. ఆ పట్టీని ఇంట్లో దేనితో చేసుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

అన్నిటికంటే సులువైనది హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే, లోపల రబ్బరు పొర ఉన్న ఇనుప పైపు క్లాంపు. రెండు స్క్రూలు బిగిస్తే పని అయిపోతుంది. కానీ అది నీళ్ల పైపును గోడకు పట్టి ఉంచడానికి చేసిన సన్నని రేకు; లెన్సు మొత్తం దాని తలపై వెల్డు చేసిన ఒకే ఒక్క నట్టు మీద నిలబడుతుంది కాబట్టి పక్కకు మెలిపడుతుంది. పైగా రబ్బరు గట్టిగా పట్టేయడం వల్ల నిలువు ఫొటో కోసం లెన్సును తిప్పాలంటే ప్రతిసారీ స్క్రూడ్రైవర్ తీయాలి. తిప్పే అవసరం లేని, లోహపు ఒళ్లున్న పాత లెన్సులకు మాత్రమే ఇది సరిపోతుంది.

త్రీడీ ప్రింటు కొలతకు చక్కగా అమరుతుంది, సందేహం లేదు. అయితే ఎక్కువమంది వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పక్షుల కోసం కొల్లేరు గట్టున ఏప్రిల్ ఎండలో కారు నిలిపి వెళ్లేవారు ఈ సంగతి మరవకూడదు. ప్రింటే కావాలనుకుంటే అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకునే పెట్‌జీ ప్లాస్టిక్ మేలు.

నా ఓటు చెక్కకే, అందులోనూ నీటిని తట్టుకునే ప్లైవుడ్‌కు. 18 మి.మీ. ముక్కలు రెండింటిని జిగురుతో అతికిస్తే 36 మి.మీ. మందం వస్తుంది, లెన్సు ఒంటిని అంత వెడల్పున పట్టుకునే పట్టీ మెలిపడదు. ముందుగా లెన్సు పట్టే పూర్తి రంధ్రం తొలిచి, ఆ తర్వాతే దాన్ని మధ్యకు కోయాలి. రంపం తినేసిన ఆ కాస్త సందే తర్వాత బిగించుకోవడానికి చోటు ఇస్తుంది. ఒక పక్క చిన్న ఇత్తడి బందు, రెండో పక్క రెక్కల నట్టుతో బోల్టు పెట్టి, లోపల 2 మి.మీ. ఫెల్టు (ఒత్తి చేసిన మెత్తటి గుడ్డ) అతికించాలి. సైకిల్ ట్యూబు ముక్క గట్టిగా పట్టుకుంటుంది గానీ లెన్సును తిరగనివ్వదు. ఫెల్టు అయితే నట్టు కొద్దిగా వదులు చేయగానే లెన్సు మెత్తగా తిరుగుతుంది.

ఏ పదార్థమైనా అసలు బలహీనత రింగులో కాదు, దాని కింద ట్రైపాడ్‌కు బిగించే పాదంలో ఉంటుంది. ఆ పాదానికి 3 మి.మీ. మందం అల్యూమినియం బద్దకు బదులు 6 మి.మీ. బద్ద వాడితే అది ఎనిమిది రెట్లు తక్కువగా వంగుతుంది. నట్టు విషయంలోనూ జాగ్రత్త అవసరం: ట్రైపాడ్ స్క్రూ పావు అంగుళానిది, అంగుళానికి 20 మరలు, దుకాణదారు చేతికిచ్చే ఎం6 (6 మి.మీ.) నట్టులో అది దిగదు. చెక్క రింగుకైతే, అంచున పళ్లున్న టీ నట్టును రింగు లోపలి వైపు నుంచే దిగగొట్టాలి. అప్పుడు స్క్రూ బిగించిన కొద్దీ ఆ పళ్లు చెక్కలోకి ఇంకా లోతుగా నాటుకుంటాయి. నట్టు అంచు చెక్క మట్టానికి కిందే ఉండి, దాని మీదుగా ఫెల్టు రావాలి. లేకపోతే లెన్సు మీద గీత ఖాయం.

పట్టీని జూమ్ రింగు మీదా, ఫోకస్ రింగు మీదా వేయకూడదు. కదలని భాగం మీద వేసినా, బిగించిన తర్వాత ఆ రెండు రింగులనూ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే లోపలి గొట్టం నలుగుతోందని అర్థం, వెంటనే నట్టును వదులు చేయాలి.