కాలిన గాయాల చార్టు: పిల్లల గడులకే డబ్బులివ్వొచ్చు

మా క్యాజువాల్టీ గోడకి లండ్-బ్రౌడర్ చార్టు (ఒంట్లో ఎంత శాతం కాలిందో వయసుని బట్టి లెక్కగట్టే బొమ్మల పట్టిక) ఆన్‌లైన్లో తెప్పించాం. ఏ3 సైజు, లామినేషన్, నాలుగొందల చిల్లర. పెద్దవాళ్ల కోసమే అయితే కొనక్కర్లేదు. ఒంటి చర్మాన్ని నూరు శాతంగా పంచే తొమ్మిదుల లెక్క ఏ స్టాఫ్ నర్సుకైనా నోటికొస్తుంది: తల, మెడ కలిపి 9, ఒక్కో చెయ్యి 9, ఒక్కో కాలు 18, ఛాతీ పొట్ట కలిపి 18, వీపు 18, మర్మాంగాలకి 1.

పిల్లలొచ్చినప్పుడే దీని అవసరం. ఏడాది పిల్లకి మెడ కాక తల ఒక్కటే 17 శాతం. పదేళ్లకి 11, పెద్దయ్యాక 7. తల తగ్గేకొద్దీ తొడలు, పిక్కల అంకెలు పెరుగుతాయి. సాంబారు గిన్నె తల మీదకి లాక్కున్న పిల్లకి పెద్దల లెక్క వేస్తే సగం గాయం కాగితం మీదే మాయం. పిల్లలకి 10 శాతం దాటితే సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది కాబట్టి ఆ తేడా చిన్నది కాదు. ఈ చార్టులో వయసు గడులు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, ముందు వెనక బొమ్మలు విడివిడిగా ఉన్నాయి. మార్కరుతో గీసింది స్పిరిట్ దూదితో తుడిస్తే పోతుంది.

కింద సెలైన్ లెక్క కూడా వేశారు: 4 మి.లీ. × కిలోల్లో బరువు × కాలిన శాతం, అందులో సగం మొదటి 8 గంటల్లో. కాలిన టైము నుంచి అని స్పష్టంగా రాశారు, సంతోషం. మధ్యాహ్నం 12కి కాలి 3కి మా దగ్గరికొస్తే ఆ సగం రాత్రి 8 లోపు ఎక్కాల్సిందే.

ఇక నాకు ఒళ్లు మండిన సంగతి. చెదురుమదురు గాయాలకి ‘అరచెయ్యి = 1 శాతం’ అని ఒక బొమ్మ వేశారు, దానికి వేళ్లే లేవు! దగ్గరగా చేర్చిన వేళ్లతో కలిపితేనే సుమారు 1 శాతం, వేళ్లు తీసేస్తే అరశాతమే. నూనె చిందిన మచ్చల్ని ఆ బొమ్మతో కొలిస్తే 6 కాస్తా 12 అవుతుంది. పైగా ఆ చెయ్యి పేషెంటుది, మనది కాదు. అదీ రాయలేదు. మైక్రోపోర్ టేపు అంటించి ‘వేళ్లతో సహా, పేషెంటు చెయ్యి’ అని పెన్నుతో రాశాను.

బొబ్బెక్కకుండా ఎర్రగా కందిన చర్మాన్ని లెక్కలో వేయకూడదని కూడా చార్టులో రాయలేదు. కొత్తగా చేరిన నర్సులు ఆ ఎరుపంతా గీసేస్తున్నారు, డ్యూటీ డాక్టరుగారు వచ్చి తుడిపిస్తున్నారు.

మూడు స్టార్లు. ఏ4 సైజు తీసుకోకండి, గడుల్లో అంకెలు కనబడవు.