తెలుగు అక్షరం కోసం కొన్న తెర: 27 అంగుళాల 4కె మానిటర్‌తో పనీ, కాలక్షేపమూ

నేను తెలుగు పుస్తకాలకు పేజీలు కట్టి, ప్రూఫులు దిద్దే పని చేస్తాను. మూడేళ్ల క్రితం ఒక కథల సంపుటి అచ్చై వచ్చాక దాని రచయిత ఫోన్ చేసి, ‘‘ఏమండీ, కథల పుస్తకంలో ప్రతి ఎడమ పుట నెత్తినా కధలు అని పడిందేమిటి?’’ అని అడిగారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. పుటల నెత్తిన 9 పాయింట్ల సైజులో వచ్చే ఆ మాటను నేను ఎన్ని సార్లు చూశానో లెక్కలేదు. ‘థ’లో నడుమ ఉండవలసిన చుక్క లేదన్న సంగతి మాత్రం ఒక్కసారీ నా కంట పడలేదు. అప్పుడు నా బల్ల మీద ఉన్నది 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. తెర పెద్దదైతే అక్షరం బాగా కనబడుతుందన్న నమ్మకంతో కొన్నాను. ఆ నమ్మకమే తప్పని తెలుసుకోవడానికి ఒక పుస్తకం పాడైంది.

ఇందులో ఉన్నది చిన్న లెక్కే. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు, అంటే తెర మీద బొమ్మను కట్టే చుక్కలు. తెర 24 అంగుళాలైనా 27 అంగుళాలైనా పిక్సెళ్ల సంఖ్య అదే కనుక, తెర పెరిగిన కొద్దీ అవి పెద్దవై పలచబడతాయి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెర మీద అంగుళానికి సుమారు 82 పిక్సెళ్లు పడతాయి. 9 పాయింట్లంటే అంగుళంలో ఎనిమిదో వంతు కాబట్టి, పేజీని అసలు సైజులో చూస్తున్నప్పుడు నేను చదవవలసిన అక్షరానికి నిలువునా దక్కేది పది పిక్సెళ్లు. ఇంగ్లీషు అక్షరానికి ఆ పది ఎలాగో సరిపోవచ్చు. మన అక్షరానికి తల మీద తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద ఒత్తు, ‘రాష్ట్రం’ వంటి మాటలో ఒత్తు పక్కన మరో ఒత్తు, ఇవన్నీ ఆ పదింటిలోనే ఇమడాలి. ‘థ’లోని చుక్కకు అక్కడ ఒక్క పిక్సెల్ కూడా పూర్తిగా దొరకదు, బూడిద రంగు మరకగా మిగులుతుంది. ‘డ’కూ ‘ఢ’కూ, ‘ప’కూ ‘ఫ’కూ తేడా చూపే కింది గీత కూడా అంతే. పేజీని పెద్దది చేసి చూడవచ్చు కదా అని కొందరు అడుగుతారు. చూడవచ్చు, చూస్తాను కూడా. కానీ పేజీ మొత్తం ఒక్క చూపులో కనబడితే తప్ప పేరా చివర ఒంటరిగా మిగిలిపోయిన మాట, పంక్తుల మధ్య ఎడం, రెండు ఎదురెదురు పుటల పొంతన తెలియవు. అందువల్ల రోజులో అధిక భాగం అసలు సైజులోనే పని జరుగుతుంది.

ఆ అనుభవం తరువాత మానిటర్ ఎంపికలో నేను పెట్టుకున్న మొదటి షరతు అంగుళానికి పిక్సెళ్లు ఎన్ని అన్నదే. 27 అంగుళాలలో 2560×1440 రిజల్యూషన్ ఉన్న క్యూహెచ్‌డీ తెర మీద 109 పిక్సెళ్లు వస్తాయి. 34 అంగుళాల వెడల్పాటి అల్ట్రావైడ్ తెరలు చూడటానికి ఎంతో సంపన్నంగా ఉన్నా, 3440×1440 రిజల్యూషన్‌తో అవి ఇచ్చేది కూడా దాదాపు 110 మాత్రమే. 3840×2160 రిజల్యూషన్ ఉన్న 4కె తెరలైతే 32 అంగుళాలలో 138, 27 అంగుళాలలో 163 వస్తాయి. ప్రతి పిక్సెల్ తనంతట తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరలను కూడా చూశాను. వాటిలోని నలుపు ముందు మరే తెరా నిలవదు. అయితే నేను చూసినవాటిలో ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల అమరిక మామూలు తెరలకు భిన్నంగా ఉండటం వల్ల సన్నని అక్షరాల అంచుల్లో రంగు చారలు కనిపించాయి. పైగా రోజంతా కదలని మెనూలు, పనిముట్ల పట్టీలు ఒకే చోట వెలుగుతూ ఉంటే ఆ గుర్తులు తెర మీద శాశ్వతంగా నిలిచిపోయే ప్రమాదం ఆ రకానికి ఉంది. సినిమాల కోసమే కొనేవారికి అది మంచి ఎంపిక కావచ్చు. నా పనికి కాదు.

చివరికి నేను తీసుకున్నది డెల్ అల్ట్రాషార్ప్ వరుసలోని యూ2723క్యూఈ. 2022లో వచ్చిన ఈ 27 అంగుళాల 4కె మానిటర్‌లో ఐపీఎస్ బ్లాక్ అనే ప్యానెల్ ఉంది; ఐపీఎస్ అనేది ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం. మామూలు ఐపీఎస్ ప్యానెళ్ల కాంట్రాస్ట్, అంటే తెలుపుకూ నలుపుకూ మధ్య వెలుగు తేడా, 1000:1 అయితే దీనిది 2000:1. బిల్లు యాభై వేలు దాటింది. పేజీకింత అని సంపాదించుకునే నాకు అది చిన్న మొత్తం కాదు. అయినా అదే 9 పాయింట్ల అక్షరానికి ఇప్పుడు పది బదులు ఇరవై పిక్సెళ్లు దక్కుతున్నాయి. మొదటి రోజు ఆ పాత కథల సంపుటి ఫైలునే తెరిచాను. తప్పు ఉన్న చోట తప్పు, అసలు సైజులోనే, వెతకకుండానే కనబడింది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక కాసేపు అలాగే కూర్చున్నాను.

పేజీలు కట్టేవారికి ఈ తెర కొలతలు కూడా అనుకూలంగా ఉన్నాయి. వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 33.6 సెంటీమీటర్లు. ఎ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు కనుక మెనూలకు చోటు పోగా అది అసలు సైజుకు కొద్దిగా తక్కువలో పడుతుంది. మన పుస్తకాలకు ఎక్కువగా వాడే డెమీ సైజు పుటలైతే రెండు ఎదురెదురుగా నిజమైన కొలతలోనే కూర్చుంటాయి, పక్కన ఇంకా జానెడు పైగా చోటు మిగులుతుంది. ఆ మిగిలిన చోట ఒక నిఘంటువు పేజీ తెరిచి ఉంచుకుంటాను. 32 అంగుళాల తెర అయితే ఇంతకన్నా విశాలంగా ఉండేది. కానీ నా బల్ల లోతు రెండడుగులే. అంత దగ్గర నుంచి 70 సెంటీమీటర్ల వెడల్పును చూడాలంటే రోజంతా మెడ తిప్పుతూ ఉండాలి.

4కె తెర కొనే ముందు తెలుసుకోవలసిన ఇబ్బంది ఒకటుంది. రిజల్యూషన్‌ను ఉన్నదున్నట్టు వాడితే మెనూలు, గుర్తులు చీమల్లా కనిపిస్తాయి. అందువల్ల విండోస్‌లో అన్నిటినీ పెద్దవి చేసి చూపే స్కేలింగ్‌ను 150 శాతం పెట్టుకోవాలి. అప్పుడు చోటు పరంగా క్యూహెచ్‌డీ తెరతో సమానమవుతుంది కాని అక్షరాల నునుపు మాత్రం 4కెదే ఉంటుంది. కొత్త ప్రోగ్రాముల్లో చాలా భాగం ఈ స్కేలింగ్‌ను చక్కగా పాటిస్తాయి. చిక్కంతా పేజీలు కట్టే పాత ప్రోగ్రాము పేజ్‌మేకర్‌తోనే. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7ను అను ఫాంట్లతో వాడే డీటీపీ కేంద్రాలు మన ఊళ్లలో నేటికీ ఉన్నాయి, నా దగ్గరికి వచ్చే పాత ఫైళ్లలో చాలా భాగం వాటివే. ఇంత సాంద్రమైన తెరలను దృష్టిలో పెట్టుకుని ఆ ప్రోగ్రామును తయారు చేయలేదు కాబట్టి అందులో గుర్తులు మరీ చిన్నవిగానో, అక్షరాలు మసకగానో వస్తాయి. ప్రోగ్రాము ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ విభాగంలో హై డీపీఐ సెట్టింగును మారిస్తే పని నడుస్తుంది కాని, 4కె స్పష్టత దక్కదు. పూర్తిగా పేజ్‌మేకర్ మీదే ఆధారపడినవారు ఇంత డబ్బు ఈ తెర మీద పెట్టవద్దని నా సలహా. నేను కొత్త పుస్తకాలన్నీ యూనికోడ్‌లో, ఇన్‌డిజైన్‌లో చేస్తున్నాను కనుక నాకు ఇది సమస్య కాలేదు. పాత ఫైళ్ల కోసం పాత డెస్క్‌టాప్‌ను అట్టే పెట్టుకుని, దాన్ని ఇదే మానిటర్‌కు హెచ్‌డీఎంఐ ద్వారా కలిపి 1920×1080లో నడుపుతున్నాను. 4కె అడ్డంగానూ నిలువుగానూ సరిగ్గా దానికి రెండింతలు కావడం వల్ల బొమ్మ ఒక పద్ధతిగానే వస్తుంది. మానిటర్‌లోనే కేవీఎం సదుపాయం ఉన్నందువల్ల రెండు కంప్యూటర్లకూ ఒకే కీబోర్డు, ఒకే మౌస్ సరిపోతున్నాయి.

లాప్‌టాప్‌కు మాత్రం ఒకే తీగ. ఆ యూఎస్‌బీ-సి తీగ బొమ్మను మోసుకొస్తుంది, 90 వాట్ల వరకు ఛార్జింగ్ ఇస్తుంది, మానిటర్ వెనక గుచ్చిన ఇంటర్నెట్ తీగను, పెన్‌డ్రైవ్‌ను కూడా లాప్‌టాప్‌కు కలుపుతుంది. ఉదయం పనికి కూర్చోవడమంటే ఇప్పుడు నాకు ఒక తీగ గుచ్చడమే. ఇక్కడ కొనేవారు రెండు విషయాలు సరిచూసుకోవాలి. లాప్‌టాప్ మీద యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్నంత మాత్రాన అది బొమ్మను పంపుతుందని కాదు; డిస్‌ప్లేపోర్ట్ సదుపాయం ఉన్నదే పంపుతుంది. హెచ్‌డీఎంఐతో కలపదలచుకుంటే అది 1.4 రకమా, 2.0 రకమా అని చూడాలి. 1.4 రకం 4కె బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు, అప్పుడు మౌస్ బాణం కూడా ఈడ్చుకుంటూ నడుస్తుంది.

పాత 24 అంగుళాల మానిటర్ ఒకటి ఇంట్లోనే ఉండటంతో దాన్ని పక్కన నిలువుగా తిప్పి పెట్టుకున్నాను. అది ఫుల్ హెచ్‌డీ తెరే. నిలువుగా తిప్పినప్పుడు విండోస్ అక్షరాల నునుపు కోసం వాడే క్లియర్‌టైప్ పద్ధతి, పిక్సెల్‌లోని రంగుల వరుస అడ్డం తిరగడం వల్ల, సరిగా పనిచేయదు. అందువల్ల దాని మీద ప్రూఫులు దిద్దను. రచయిత పంపిన చేతిరాత ప్రతి స్కాన్‌ను మాత్రమే అక్కడ తెరుస్తాను. అది బొమ్మే కనుక ఈ లోపం దానికి అంటదు, పొడవాటి తెర మీద ఒక పుట పూర్తిగా పడుతుంది. ఎడమన మూలప్రతి, ఎదురుగా ప్రూఫు: అచ్చులో కాగితాలు పక్కపక్కన పెట్టుకుని దిద్దిన రోజుల పద్ధతే ఇది, అంతకన్నా మంచి అమరిక నాకు ఇప్పటికీ తోచలేదు.

కాలక్షేపం మాటకొస్తే, రాత్రి భోజనమయ్యాక ఇదే తెర మీద నేనూ మా ఆవిడా పాత నలుపు తెలుపు సినిమాలు చూస్తాం. ఆ సినిమాల నిష్పత్తి 4:3 కావడంతో తెరకు అటూ ఇటూ ఏడున్నర సెంటీమీటర్ల చొప్పున ఖాళీ మిగులుతుంది. మామూలు ఐపీఎస్ తెర మీద దీపం ఆర్పితే ఆ ఖాళీ బూడిద రంగులో వెలుగుతూ చూపును లాగుతుంది. ఐపీఎస్ బ్లాక్ ప్యానెల్ విలువ నాకు తెలిసింది అక్కడే. పూర్తి నలుపు అనలేను కాని, పక్క ఖాళీలను మరచిపోయి సినిమాలో పడేంత నలుపు ఉంది. వెన్నెల సన్నివేశాల్లో పంచె మడతలు, నీడలో ఉన్న ముఖం తేలిగ్గా తెలుస్తున్నాయి. వెలుగు నీడల తేడాను మరింత బాగా చూపుతుందనే అర్థంలో హెచ్‌డీఆర్ 400 అని పెట్టె మీద రాసి ఉన్నదాన్ని చూసి మాత్రం ఆశపడకూడదు. తెర వెనుక వెలుగును భాగాలుగా తగ్గించి పెంచే ఏర్పాటు లేని మానిటర్‌లో ఆ ముద్ర వల్ల కలిగే మేలు అతి స్వల్పం.

ఈ తెర సెకనుకు 60 సార్లే మారుతుంది. సినిమాలు సెకనుకు 24 బొమ్మలతో తీసినవి కనుక 60లో అవి సమంగా ఇమడవు. ఒక బొమ్మ రెండు సార్లు, తరువాతిది మూడు సార్లు కనిపిస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే చోట చిన్న కుదుపు తెలుస్తుంది. మన టీవీ ప్రసారాలు సెకనుకు 50 లెక్కన నడిచేవి కావడంతో క్రికెట్‌లో బంతి బౌండరీకి పరుగెత్తేటప్పుడు కూడా ఇలాంటిదే కనబడుతుంది. మా అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు వేగమైన ఆటలు ఆడి, ఇది ఆటలకు తగదని తేల్చాడు. అతని మాట నిజం. 120 సార్లు మారే తెరలో 24 సరిగ్గా ఐదు సార్లు ఇముడుతుంది. ఇప్పుడు కొత్తగా కొనేవారు 2025లో వచ్చిన యూ2725క్యూఈని ముందు చూడాలి; అదే సైజులో, అదే 4కెలో 120 హెర్ట్జ్, 3000:1 కాంట్రాస్ట్ దానికి ఉన్నాయి. నేను కొన్న మానిటర్‌లో స్పీకర్లు లేవు. వెనక ఆడియో రంధ్రానికి చిన్న స్పీకర్ల జత తగిలించుకున్నాం. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

అంత డబ్బు పెట్టలేనివారికి నేను చెప్పేది 24 అంగుళాలకు దగ్గరగా ఉండే క్యూహెచ్‌డీ తెర. అంగుళానికి 123 పిక్సెళ్లు వస్తాయి, తెలుగు చదవడానికి 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ కన్నా ఎంతో మేలు. ఏది కొన్నా ఆన్‌లైన్‌లో బొమ్మలు చూసి నిర్ణయించవద్దు. నేను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినప్పుడు పెన్‌డ్రైవ్‌లో నా పేజీ ఒకటి పీడీఎఫ్‌గా తీసుకెళ్లాను. దుకాణాల్లో తెరల మీద పక్షులు, పువ్వులు, సముద్రాలు తిప్పుతూ ఉంటారు. వాటిలో ఏ తెరైనా బాగుంటుంది. నా పేజీని వంద శాతంలో తెరిచి చూపమంటే ఒకరిద్దరు విసుక్కున్నారు కాని, ఒక కుర్రవాడు ఓపికగా నాలుగు తెరల మీద తెరిచాడు. పెట్టె విప్పాక తెల్లని, నల్లని తెరలను నిండుగా పెట్టించి, చచ్చిన పిక్సెల్ గానీ ఆరకుండా వెలిగే చుక్క గానీ ఉన్నదేమో చూసుకుని, ఆ తరువాతే బిల్లు వేయించుకున్నాను.

ఇంటికి తెచ్చాక కిటికీ వెనక పడకుండా, ఎడమ పక్కన ఉండేలా బల్లను తిప్పాను. వెలుగును మూడో వంతుకు తగ్గించాను, ఎందుకంటే పక్కన పెట్టిన తెల్ల కాగితమూ తెర మీది తెలుపూ ఒకే కాంతిలో ఉంటేనే కంటికి అలసట ఉండదు. తెర పై అంచు కంటి ఎత్తులో ఉండాలని అందరూ చెబుతారు కాని, రెండు చూపుల అద్దాలు పెట్టుకునే నా వంటివారు అలా ఉంచితే గడ్డం ఎత్తి చదవవలసి వస్తుంది. స్టాండు 15 సెంటీమీటర్ల మేర పైకీ కిందికీ జరుగుతుంది కనుక దాన్ని బాగా కిందికి దించి, తెరను కొద్దిగా వెనక్కు వాల్చి పెట్టుకున్నాను.