స్కేటింగ్‌లో రాయిలా బిగుసుకుపోయే కాలి కండ: ఆపరేషనా, బైండింగ్ మార్పా, ఏది మేలు?

జనవరి వచ్చేసరికి క్రాస్ కంట్రీ స్కీయింగ్ (కాళ్ళకు పొడవాటి స్కీ పలకలు తగిలించుకుని మంచు మీద దూరాలు సాగే ఆట) జూనియర్లు, వాళ్ళ తల్లిదండ్రులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. స్కేటింగ్ శైలిలో (స్కీలను పక్కలకు తోస్తూ సాగే పద్ధతి) ఎత్తు ఎక్కుతుంటే పది నిమిషాల్లో మోకాలి కింద ముందువైపు కండ రాయిలా గట్టిపడుతుంది, పాదం మాట వినదు. ఆగి పావుగంట కూర్చుంటే అంతా మామూలే. డాక్టరు కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు, అంటే కండ ఉన్న అరలో ఒత్తిడి పెరిగే జబ్బు. కోత పెట్టించుకోవాలా, బైండింగ్ (బూటును స్కీకి బిగించే పట్టు) లాంటి సరంజామా మార్చి చూడాలా?

ఓర్చుకుంటే పోయే బాధ కాదిది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో స్లొవేనియా స్కీయర్ పెత్రా మాయ్‌దిచ్ వార్మప్‌లో ట్రాక్ పక్క గోతిలో పడి పక్కటెముకలు విరగ్గొట్టుకుంది. అదే రోజు స్ప్రింట్ ఫైనల్ దాకా వెళ్ళి కాంస్యం గెలిచింది. నొప్పిని పంటి బిగువున భరిస్తే అక్కడ కాళ్ళు పనిచేశాయి. ఇక్కడ అలా కుదరదు. పని చేస్తున్నకొద్దీ కండ ఉబ్బుతుంది, దాని చుట్టూ ఉన్న పొర (ఫేషియా) సాగదు, లోపల ఒత్తిడి పెరిగి రక్తం సరిగా అందదు. ఎంత పట్టుదల ఉన్నా పాదాన్ని పైకెత్తే కండే పని మానేస్తుంది.

నా దృష్టిలో నిర్ణయం మొత్తం ఒక్క విషయం మీద ఆధారపడుతుంది: నొప్పి స్కేటింగ్‌లో మాత్రమే వస్తోందా, పరుగులో, క్లాసిక్ శైలిలో (స్కీలు సమాంతరంగా జాడలో జారే పద్ధతి) కూడా వస్తోందా?

ఎందుకంటే స్కేటింగ్‌లో బూటు స్కీకి ముందుకొస దగ్గర మాత్రమే అంటిపెట్టుకుని ఉంటుంది. ప్రతి తోపు తర్వాతా స్కీని మంచు మీంచి లేపి ముందుకు తేవాలి. ఆ క్షణంలో స్కీ ముక్కు కిందికి వాలకుండా పట్టుకునేది ఈ ముందు కండే. స్కీ, బైండింగ్, బూటు కలిపి ఒక్కో కాలికి కిలో పైనే. 10 కిలోమీటర్ల రేసులో ఒక్కో కాలు వెయ్యిసార్లకు పైగా ఈ పని చేస్తుంది. క్లాసిక్‌లో స్కీ జాడలోనే జారుతుంది కాబట్టి అంత భారం ఉండదు. అందుకే నొప్పి స్కేటింగ్‌కే పరిమితమైతే తప్పు కండలో కన్నా ఆ ఎత్తే పనిలో ఉండే అవకాశం ఎక్కువ. అది కత్తి లేకుండా సరిదిద్దగలిగేది.

మొదట బైండింగ్ చూడండి. స్కీని బైండింగ్ దగ్గర వేలి మీద ఆనించండి. ముక్కు గట్టిగా కిందికి వాలితే ఆ బరువు ప్రతి అడుగులో కండ మోస్తోందన్నమాట. జరిపే వీలున్న ప్లేటైతే బైండింగ్‌ను ఒక మెట్టు ముందుకు జరపండి. తర్వాత బూటు ముందుకొస ఆనే రబ్బరు (ఫ్లెక్సర్) చూడండి. స్కీని తిరిగి బూటు వైపుకు తెచ్చేది అదే. పగిలినా, మెత్తబడినా, పొరపాటున క్లాసిక్‌కు వాడే మెత్తటి రకం ఉన్నా మార్చేయాలి. ఖర్చు కొంచెమే, ఫలితం మాత్రం చాలామంది ఊహించని స్థాయిలో ఉంటుంది. బూటు పైపట్టీ కండను నొక్కుతుంటే ఒక గడి వదులు చేయాలి.

ఇక టెక్నిక్. వెనక్కి కూర్చున్నట్టు స్కీ చేసేవాళ్ళకు ముందు కండ ఎప్పుడూ బిగిసే ఉంటుంది. బరువు పాదం మధ్యకు, చీలమండ ముందుకు వంగాలి. కాలు తెచ్చేటప్పుడు వేళ్ళు పైకి లాగకుండా, స్కీ తోక మంచుకు దగ్గరగా ఉండేలా చూడాలి. వేసవిలో రోడ్డు మీద వాడే చక్రాల స్కీలు (రోలర్ స్కీలు) మంచు స్కీల కన్నా బరువు కాబట్టి నిటారు ఎత్తుల మీద స్కేటింగ్ తగ్గించి డబుల్ పోలింగ్ (రెండు చేతికర్రలతో ఒకేసారి తోసుకోవడం) పెంచాలి. ఈ మార్పులకు 8 నుంచి 12 వారాలు గడువివ్వండి. రెండు వారాలకే లాభం లేదని వదిలేయడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు.

నొప్పి పరుగులోనూ క్లాసిక్‌లోనూ వస్తుంటే లెక్క వేరు. అప్పుడు ఆపరేషన్ (ఫేషియాటమీ) వైపే మొగ్గుతాను, అయితే ఒత్తిడి కొలిచాకే. సూదితో కొలిచినప్పుడు విశ్రాంతిలో 15, ఆగిన నిమిషానికి 30, అయిదు నిమిషాలకు 20 మిల్లీమీటర్ల పాదరసం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే, వాటిలో ఒక్కటి చాలు, జబ్బు ఉన్నట్టు లెక్క. నొప్పి వచ్చే పని చేయించే కొలవాలి. స్కేటింగ్‌లో నొప్పి వచ్చేవాళ్ళను ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి కొలిస్తే అంకె మామూలుగా రావచ్చు. ఎముక మీద వేలుపెట్టి చూపించగలిగే నొప్పి, మర్నాడు నడిచినా ఉండే నొప్పి అయితే అది ఎముక చిట్లడం కావచ్చు. దానికి పొర కోస్తే ఒరిగేదేమీ లేదు.

ఆపరేషన్‌లో చిన్న కోతల గుండా పొరను నిలువునా చీలుస్తారు. ముందు, పక్క అరల్లో ఫలితం బాగుంటుంది. పిక్క లోపలి అరలో అంత నమ్మకం లేదు. చెడిపోయేది మూడు చోట్ల: పొర పూర్తిగా తెగకపోవడం, మచ్చకట్టి మళ్ళీ బిగియడం, చీలమండ బయటి ఎముకకు పది, పన్నెండు సెంటీమీటర్ల పైన పొరలోంచి బయటికొచ్చే నరం దెబ్బతిని పాదం పైభాగం తిమ్మిరెక్కడం.

సమయం కూడా చూసుకోవాలి. మార్చి చివరికి సీజన్ ముగుస్తుంది కాబట్టి జనవరిలో మొదలైన నొప్పికి మార్చి దాకా పై మార్పులు చేసి చూసి, తగ్గకపోతే ఏప్రిల్‌లో చేయించుకోవచ్చు. అక్టోబరులో చేయించుకుంటే సీజన్‌లో సగం పోయినట్టే.

ఈ రెండూ కాని ఇతర దారులు: బొటాక్స్ ఇంజెక్షన్ కండ బలాన్నే తగ్గిస్తుంది, పోటీ స్కీయర్‌కు పనికిరాదు. స్కేటింగ్ మానేసి స్వీడన్‌లో జరిగే 90 కిలోమీటర్ల వాసలొపెట్ లాంటి క్లాసిక్ దూరపు రేసులకు మారడం చేయి బలం ఉన్నవాళ్ళకు సరే.

ఆపరేషన్ అయ్యాక చీలమండను మొదటి రోజు నుంచే కదపాలి, లేకపోతే మచ్చ అతుక్కుంటుంది. కూర్చుని చేతులతో లాగే యంత్రం మొదటి వారాల్లోనే, సైకిల్ కుట్లు మానాక, మెల్లటి పరుగు ఆరో వారం ప్రాంతంలో. రోలర్ స్కీల మీద ముందు డబుల్ పోలింగ్, ఎనిమిదో వారంలో చదును రోడ్డు మీద స్కేటింగ్, ఎత్తులు అన్నిటికన్నా చివర. ఏ దశలోనైనా ఆగిన గంట తర్వాత కూడా నొప్పి పెరుగుతూ, వేళ్ళు కదపలేకపోతుంటే అది వేరే సంగతి, తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్ళాలి.