పాత బాక్స్‌టర్‌కి కొత్త బ్యాటరీ: తిరుపతి ఎండల్లో వాడి చూశాక

తీర్పు ముందే చెప్పేస్తా. మా 2008 మోడల్ పోర్షె బాక్స్‌టర్‌కి (రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) 2021లో వేయించిన 74 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ ఎంత చార్జ్ పట్టుకుంటుందనే కొలత) అమరాన్ బ్యాటరీ ఈ రోజుకీ మొదటి సెల్ఫ్‌కే ఇంజిన్ లేపుతోంది. 2.7 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, తిరుపతి ఎండ, వారాల తరబడి కదలకుండా పార్కింగ్‌లో పడి ఉండటం, ఈ మూడూ కలిసిన చోట మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగేళ్లు దాటడం గొప్పే. అయితే ఆ ఘనత మొత్తం బ్యాటరీకే ఇవ్వను. సగం దాన్ని ఎంచుకోవడంలో ఉంది. మిగతా సగం గోడకున్న ప్లగ్‌లో తగిలించిన చిన్న చార్జర్‌ది.

కారు బెంగళూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికే దాంట్లో ఉన్న బ్యాటరీ ఈ కారుది కాదు. ఎవరో చిన్న సైజుది తెచ్చి పెట్టి, మిగిలిన ఖాళీలో చెక్క ముక్క, థర్మాకోల్ దూర్చారు. కాణిపాకం వెళ్లొచ్చే దారిలో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ముందు నుంచి టక్కుమని చప్పుడు వచ్చేది. సస్పెన్షన్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాం. మూత తీసి చూస్తే బ్యాటరీ ట్రేలో అటూ ఇటూ కదులుతోంది. ఎండాకాలం మొదలయ్యేసరికి అది సెల్ఫ్ తిప్పడం కూడా మానేసింది.

ఈ కారుకి కావాల్సింది యూరప్ కొలతల డిన్ బ్యాటరీ. 278 మిల్లీమీటర్ల పొడవు, 175 వెడల్పు, 190 ఎత్తు. దుకాణాల్లో చాలామంది ఏహెచ్ ఒక్కటే అడుగుతారు, ఒక్కటే చెబుతారు. అంతకంటే ముందు చూడాల్సింది బ్యాటరీ అడుగు. డిన్ బ్యాటరీలకు కింద అంచు వెంబడి ఒక గట్టు ఉంటుంది. ట్రేలోని బిగింపు ముక్క ఆ గట్టు మీద కూర్చుని, ఒక్క బోల్టుతో బ్యాటరీని కదలకుండా పట్టుకుంటుంది. మారుతి, హోండా కార్లలో ఎక్కువగా కనిపించే జపాన్ తరహా బ్యాటరీలను పైనుంచి పట్టీతో బిగిస్తారు, వాటికి ఈ గట్టు ఉండదు. అలాంటిది ఎంత మంచి కంపెనీది తెచ్చినా ఈ ట్రేలో నిలవదు. పాత యజమాని చెక్క ముక్కల రహస్యం ఇదే. గట్టిగా మలుపు తిప్పే కారులో పద్దెనిమిది కిలోల దాకా బరువున్న వస్తువు వదులుగా ఉండకూడదని వేరే చెప్పాలా?

టెర్మినళ్ల సంగతి కూడా ఉంది. ఒకే సైజులో ప్లస్ కుడి పక్క ఉండేవి, ఎడమ పక్క ఉండేవి రెండు రకాలూ దొరుకుతాయి. తప్పు రకం తెస్తే కేబుల్ అందదు, లాగి అందిస్తే దేనికో ఒకదానికి రాసుకుంటుంది. పాత బ్యాటరీ అందులో ఉండగానే ఫోన్‌లో ఫొటో తీసుకుని కొట్టుకి వెళ్లడం మేలు. నేను అలాగే చేశాను.

డిన్ బ్యాటరీల మీద తొమ్మిది అంకెల నంబర్ ఒకటి ఉంటుంది. చూడటానికి గజిబిజిగా ఉంటుంది గానీ చదవడం సులువే. మొదటి మూడు అంకెలు 574 అయితే 12 వోల్టులు, 74 ఏహెచ్ అని. 570 అయితే 70 ఏహెచ్. చివరి మూడు అంకెలను పదితో గుణిస్తే చలిలో సెల్ఫ్ తిప్పడానికి అది ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో తెలుస్తుంది. 069 అంటే 690 ఆంపియర్లు. ఈ పరీక్ష చేసేది మైనస్ 18 డిగ్రీల చలిలో. మన దగ్గర ధనుర్మాసంలో కూడా శాలువా కప్పుకుంటే సరిపోతుంది కాబట్టి ఈ అంకె కోసం అదనంగా డబ్బు పోయనక్కర్లేదు. పాత బ్యాటరీ మీద ఉన్నదానికి దగ్గరగా ఉంటే చాలు.

మన బ్యాటరీలను చంపేది వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపు అవుతుందనేది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. లోపలి సీసపు జాలీ తినేసుకుపోతుంది, నీరు తగ్గుతుంది, కారు ఊరికే ఉన్నా చార్జ్ త్వరగా దిగిపోతుంది. రోహిణి కార్తెలో తిరుపతి 42 డిగ్రీలు దాటినప్పుడు కారు లోపల ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ విషయంలో బాక్స్‌టర్ కాస్త అదృష్టవంతురాలు. ఇంజిన్ సీట్ల వెనకాల ఉంటుంది, బ్యాటరీ ముందు డిక్కీలో అద్దం అడుగున ఉంటుంది. మామూలు కార్లలో మాదిరి ఇంజిన్ పక్కనే కూర్చుని ఉడకదు.

కొనేముందు ఏజీఎం (యాసిడ్‌ను గాజు నూలు పొరల్లో పీల్చి ఉంచే ఖరీదైన లెడ్ బ్యాటరీ) వేయమని ఒకరు, లిథియం వేయమని ఇంకొకరు సలహా ఇచ్చారు. లిథియం మాట వినగానే ఎవరికైనా నోరూరుతుంది, ఎందుకంటే పోర్షె కంపెనీయే 2010లో 911 జీటీ3కి, బాక్స్‌టర్ స్పైడర్‌కి లిథియం అయాన్ స్టార్టర్ బ్యాటరీని ఆప్షన్‌గా ఇచ్చింది. బరువు ఆరు కిలోల లోపే, మామూలు దానికంటే పది కిలోలకు పైగా తక్కువ. కానీ గడ్డకట్టే చలిలో అది సరిగా పనిచేయదని, దాంతో పాటు మామూలు లెడ్ బ్యాటరీ కూడా ఇచ్చి పంపేవాళ్లు. రేస్ ట్రాక్ మీద పది కిలోలకు విలువ ఉంది. అలిపిరి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి తిరుమలకు వెళ్లే మనిషికి, వెనక సీటే లేని కారులో ఆ పది కిలోలు ఇద్దరం బ్రేక్‌ఫాస్ట్ మానేసినంత. ధర మాత్రం లెడ్ బ్యాటరీలు ఎన్నో కొనుక్కునేంత.

ఏజీఎం మంచిదే. బాగా దిగిపోయి మళ్లీ చార్జ్ అవడాన్ని అది ఎక్కువ తట్టుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగి మళ్లీ లేచే కార్లకు మామూలుది సరిపోదు, అదో, అలా ఎక్కువ తట్టుకునే ఇంకో రకమో కావాలి. నా కారులో ఆ ఏర్పాటు లేదు, ఫ్యాక్టరీ నుంచి మామూలు బ్యాటరీతోనే వచ్చింది. ధర రెట్టింపుకు పైగా చెప్పారు. పైగా ఆ సైజు ఏజీఎం ఇక్కడ స్టాక్ ఉండదు, చెన్నై నుంచి తెప్పించాలి. అక్కడి గోడౌన్‌లో ఎన్నాళ్ల నుంచి పడి ఉందో ఎవరికెరుక? వద్దనుకున్నాను.

చివరికి మన ఊరి సరుకే తీసుకున్నాను. అమరాన్ తయారుచేసే అమరరాజా ఫ్యాక్టరీ తిరుపతి పక్కనే కరకంబాడిలో ఉంది. 1985లో మొదలైన కంపెనీ అది. మా చిన్నప్పటి నుంచి ఆ దారిన వెళుతూ కంపెనీ బస్సులు చూస్తూ పెరిగినవాళ్లం కదా, కొంచెం అభిమానం లేదని అనను. కానీ ఫ్యాక్టరీ పక్కనే ఉన్నంత మాత్రాన కొట్లో ఉన్నది తాజాది కానక్కర్లేదు. ఈ సైజు అడిగేవాళ్లు తక్కువ, అందుకే ఒక కొట్లో ఏడాది కిందటి ముక్క చూపించారు. ఇంకో చోట మూడు నెలల లోపుది దొరికింది. మల్టీమీటర్ పెట్టి చూస్తే 12.6 వోల్టులు చూపించింది. 12.4 కన్నా తక్కువ చూపిస్తే కొనకుండా వచ్చేసేవాణ్ణి. పాతది ఇచ్చేస్తే పదివేల లోపే అయింది. వారంటీ కార్డు మీద కారు పేరు రాయమంటే కొట్టాయన కాసేపు ఆలోచించి, "స్పెల్లింగ్ మీరే చెప్పండి సార్" అన్నాడు.

బిగించడం నిజానికి చిన్న పని. టెర్మినళ్లకు 10 నంబర్, కింది బోల్టుకు పొడవాటి రాడ్‌తో 13 నంబర్ ఉంటే చాలు. ముందు మైనస్ తీయాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, ఆఖరున మైనస్. గ్యాస్ బయటికి పోయే సన్నని గొట్టం ఉంటే కొత్తదానికి తగిలించడం మరవకూడదు. బరువు ఎత్తేటప్పుడే ఇబ్బంది. కారు కిందికి ఉంటుంది, బ్యాటరీ లోపలికి ఉంటుంది, వంగి చేతులు చాపి లేపాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఇంకొకరిని తోడు పెట్టుకోండి.

ఈ కారులో అసలు కిటుకు వేరే ఉంది. ముందు డిక్కీ మూత తెరుచుకునేది కరెంటుతో. ఆ కరెంటు ఇచ్చే బ్యాటరీ ఉండేది ఆ మూత కిందే! బ్యాటరీ విప్పి ఉన్నప్పుడు ఎవరైనా మూత మూసేశారో, అంతే. మా ఎలక్ట్రీషియన్ అన్నకు ఇది ముందే తెలుసు. పని మొదలుపెట్టే ముందే గుమిగూడిన పిల్లలకు చెప్పాడు: "రేయ్, ఈ మూత మీద ఎవరూ చెయ్యి పెట్టాకండి, మూసుకుందంటే మనకు పొద్దుపోతాది." కిటికీ అద్దాలు కూడా ముందే కాస్త దించి ఉంచాం. ఈ కారు తలుపులకు చట్రం ఉండదు. తలుపు తీసినప్పుడల్లా అద్దం దానంతట అదే కొద్దిగా కిందికి దిగుతుంది. కరెంటు లేనప్పుడు దిగదు, మూస్తే టాప్ రబ్బరుకు కొట్టుకుంటుంది.

కొత్తది తగిలించాక డ్యాష్‌బోర్డ్ మీద వార్నింగ్‌లు చూసి కంగారు పడకూడదు. పీఎస్‌ఎం (కారు అదుపు తప్పకుండా చూసే ఏర్పాటు) లైటు వెలిగింది, స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి కాస్త దూరం నడిపితే పోయింది. ఇగ్నిషన్ ఆన్ చేసి యాక్సిలరేటర్ ముట్టకుండా ఒక నిమిషం వదిలేసి, ఆఫ్ చేసి పది సెకన్లు ఆగి, అప్పుడు స్టార్ట్ చేశాం. ఇంజిన్ ఐడిలింగ్ కుదురుకోవడానికి అది. అద్దాలను పూర్తిగా పైకి లేపి బటన్ కాసేపు అలాగే పట్టుకుంటే వాటి లెక్క మళ్లీ నేర్చుకున్నాయి. గడియారం సరిచేయడం మాత్రం నేను ఇప్పటికీ వాయిదా వేస్తూనే ఉన్నాను.

ఇక వాడకం. మొదటి ఏడాది చెప్పుకోవడానికేమీ లేదు, పని చేసింది. ఆ తర్వాత గమనించినదేమిటంటే, ఈ కారుకి ఊళ్లో తిరగడం కంటే తిరగకపోవడమే నయం అన్నట్టుంది. లీలామహల్ సర్కిల్ దాకా వెళ్లి రావడంలో ఏసీ, రేడియేటర్ ఫ్యాన్లు, లైట్లు అన్నీ తిరుగుతుంటాయి. సెల్ఫ్‌కి ఖర్చయిన చార్జ్ తిరిగి నిండేలోపే ఇంటికి చేరిపోతాం. చిత్తూరు దాకా హైవే మీద వెళ్లొస్తే మర్నాడు పొద్దున 12.6 పైన ఉంటుంది. ఊళ్లోనే తిప్పి రెండు వారాలు వదిలేస్తే 12.3కి పడిపోతుంది. లెడ్ బ్యాటరీ 12.2 దగ్గరుందంటే సగమే మిగిలిందని అర్థం. అక్కడ ఎక్కువ రోజులు ఉంచితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్లీ కరగదు. సాఫ్ట్ టాప్ తెరిచి మూసేది కూడా ఇంజిన్ నడుస్తుండగానే చేస్తాను, ఆ మోటార్ కరెంటు బాగా లాగుతుంది.

అందుకే 5 ఆంపియర్ల స్మార్ట్ చార్జర్ కొన్నాను. ఊరెళ్లేటప్పుడు తగిలించి వెళతాను. నిండాక అదే తగ్గించుకుంటుంది. ముందు మూత పూర్తిగా మూయనవసరం లేని షెడ్ ఉన్నవాళ్లు నేరుగా టెర్మినళ్లకే పెట్టుకోవచ్చు. నాలాగా అపార్ట్‌మెంట్ పార్కింగ్ అయితే సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే వైరు వాడటం సౌకర్యం. పోర్షె సొంత చార్జర్ కూడా అలాగే పెట్టుకునేదే. బ్యాటరీ కన్నా ఈ చార్జర్ మీద పెట్టిన డబ్బే ఎక్కువ కలిసొచ్చిందని నా అభిప్రాయం.

మధ్యలో ఒక్కసారి పూర్తిగా దిగిపోయింది. మేం పెళ్లికి మదనపల్లె వెళ్లినప్పుడు, కారు కడిగిన కుర్రాడు తాళం ఇగ్నిషన్‌లోనే వదిలేశాడు. తాళం లోపల ఉంటే ఈ కారులోని కంప్యూటర్లు నిద్రపోవు. వచ్చి చూస్తే రిమోట్ పనిచేయదు, మూత తెరుచుకోదు. దీనికి విరుగుడు కారులోనే ఉంది. ఫ్యూజ్ బాక్స్‌లో బయటికి లాగే ఎర్ర టెర్మినల్ ఒకటి ఉంటుంది. వేరే బ్యాటరీ ప్లస్ దానికి, మైనస్ తలుపు లాక్ పట్టుకునే ఇనుప కొక్కేనికి తగిలిస్తే మూత తెరుచుకునేంత కరెంటు వస్తుంది. బైక్ బ్యాటరీ కూడా సరిపోయింది. అయితే తగిలించగానే అలారం మోగుతుంది, కాబట్టి ఈ పని సుప్రభాతం వేళ పెట్టుకోకండి. రిమోట్ నొక్కితే ఆగుతుంది. ఆ టెర్మినల్ మూత తెరవడానికే, దాని నుంచి ఇంజిన్ స్టార్ట్ చేయబోతే ఫ్యూజ్ పోతుంది. తెరిచాక బ్యాటరీని బయటికి తీసి నిదానంగా ఒక రాత్రంతా చార్జ్ పెట్టాం, కోలుకుంది. అన్ని బ్యాటరీలూ కోలుకోవు.

నచ్చనివీ ఉన్నాయి. సీల్ వేసిన బ్యాటరీ కాబట్టి లోపల నీరు ఎంతుందో చూసే వీలు లేదు, డిస్టిల్డ్ వాటర్ పోసే వీలూ లేదు. ఈ రకం అన్నిటికీ ఇది ఉన్నదే, అయినా ఇంత వేడి ఊళ్లో ఆ మూతలు ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఈ మధ్య టెస్టర్ పెట్టించినప్పుడు ఆంపియర్లు కొత్తప్పటి కంటే స్పష్టంగా తగ్గి కనిపించాయి. సెల్ఫ్ తిరిగే వేగంలో తేడా ఇంకా తెలియడం లేదు, కానీ వచ్చే శివరాత్రి దాటాక, ఎండలు ముదిరేలోపే మార్చేస్తాను. మళ్లీ ఇదే సైజు, ఇదే రకం.

ఇలాంటి స్పోర్ట్స్ కారే అయినా, బీఎండబ్ల్యూ జెడ్4 ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి నేరుగా కొట్టుకి వెళ్లకండి. 2009 తర్వాతి మోడల్‌లో మైనస్ టెర్మినల్ మీద సెన్సర్ ఉంటుంది. కొత్త బ్యాటరీ వేశామని, అది ఎన్ని ఏహెచ్, ఏ రకం అని స్కానర్‌తో కారుకి చెప్పాలి. చెప్పకపోతే పాతదాన్ని చార్జ్ చేసినట్టే కొత్తదాన్నీ చేస్తుంది. ఆ స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని ముందు వెతికి పెట్టుకుని, తర్వాత బ్యాటరీ కొనండి.