ఏడాది సరుకు ఒకేసారి కొనడం: ఏళ్లుగా చేసి చూశాక ఏది కలిసొచ్చింది, ఏది రాలేదు

మా ఇంట్లో ఎండుమిర్చి, చింతపండు, బియ్యం, మినుములు ఏడాదికి ఒకసారే కొంటాం. పెళ్లయి విజయవాడ వచ్చిన కొత్తల్లో మా అత్తగారు చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ పని పూర్తిగా నా చేతికొచ్చింది. "సూపర్ మార్కెట్లో రోజుకో ఆఫర్ ఉంటే ఈ ఎండబెట్టడాలు, జల్లించడాలు ఇంకా ఎందుకండీ?" అని మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అడుగుతుంటారు. అడిగినవాళ్లకి మెట్ల దగ్గర నిలబడి చెప్పేంత చిన్న విషయం కాదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మిరపకాయలు, చింతపండు విషయంలో ఈ పద్ధతికి తిరుగులేదు. బియ్యంలో కొంత లాభం ఉంది, రుచిలో ఇంకా ఎక్కువ లాభం ఉంది. కందిపప్పు దగ్గర లెక్క ఒక్కో ఏడు ఒక్కో రకంగా తేలుతుంది. నూనె, బెల్లం, గోధుమపిండి మాత్రం ఏ నెలకి ఆ నెల తెచ్చుకోవాల్సిందే.

గుంటూరు మిర్చి యార్డుకి జనవరి చివరి నుంచి కొత్త కాయ రావడం మొదలై మార్చి, ఏప్రిల్ దాకా జోరుగా ఉంటుంది. యార్డులో అంతా టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, మనలాంటి వాళ్లకి ఐదు కేజీలు తూచి ఇచ్చేవాళ్లు ఉండరు. మేం పల్నాడు వైపు చుట్టాల ఊళ్లో కల్లం దగ్గరే తీసుకుంటాం. వెళ్లడం కుదరని ఏడు గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో కొంటాం. కూరల్లోకి మా ఇంటి పాళ్లు ఇవీ: 334 రకం రెండు వంతులు, రంగు కోసం బ్యాడిగి ఒక వంతు. తేజ కాయ ఘాటు పిల్లలు తట్టుకోలేరు, అందుకని అది మానేశాం. ఆవకాయ కారం వేరే పట్టిస్తాం, దాని లెక్క వేరు.

కాయ ఎంచుకోవడం మీదే సగం లాభం ఆధారపడి ఉంటుంది. గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలలాడాలి. కాయని మధ్యకి వంచితే పుటుక్కున విరగాలి. తోలులా వంగిందంటే తేమ ఉన్నట్టే. ఆ తేమకి కూడా మనం మిరపకాయ ధరే కడతాం, ఇంటికొచ్చాక అదే బూజు తెస్తుంది. పైన కనిపించే కాయని చూసి ఎప్పుడూ ఒప్పుకోకండి, సంచి అడుగు నుంచి తీయించి చూడండి. తెల్లగా పాలిపోయిన తాలు కాయ ఎంత ఉందో అక్కడే తెలుస్తుంది. మార్కెట్లో కొనేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. నిరుటి కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టి తీసినదాన్ని ఏసీ కాయ అంటారు. అది చెడ్డదేమీ కాదు, కానీ కొత్త కాయ ధర పెట్టి కొనాల్సినది కాదు. పక్కపక్కన పెట్టి చూస్తే కొత్త కాయ మెరుస్తుంది, ఏసీ కాయలో ఆ మెరుపు ఉండదు. "ఇది ఈ ఏటి కాయేనా బాబాయ్?" అని నేను అడిగే కొంటాను. రోజూ ముఖం చూసే కొట్టువాళ్లు నిజమే చెబుతారు.

ఇంటికొచ్చాక డాబా మీద గట్టి ఎండలో ఎండబెట్టి, తొడిమలు తీసి, మరకి తీసుకెళ్తాం. తొడిమలు, తాలు, ఎండ తరుగు పోగా ఐదు కేజీల కాయకి నాలుగున్నర కేజీల లోపే కారం చేతికొస్తుంది. కేజీ ధర లెక్కేసేటప్పుడు ఈ తరుగునీ, మర కూలినీ కలుపుకోవాలి. అన్నీ కలిపినా మా వీధి చివరి కొట్లో ప్యాకెట్ కారానికి పెట్టేదాంట్లో సగానికి కాస్త అటూ ఇటూగా తేలుతుంది. మర నుంచి వచ్చిన కారం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. ఆ వేడి మీదే డబ్బాలో మూత పెడితే లోపల ఆవిరి చెమ్మ పట్టి నెలలోపే ఉండలు కడుతుంది. అందుకని గదిలో ఫ్యాన్ ఆపి, పాత నూలు చీర పరిచి, దాని మీద పల్చగా ఆరబోసి, పూర్తిగా చల్లారాకే ఎత్తుతాం. రెండు నెలలకి సరిపడా బయట ఉంచి మిగతాది గాలి దూరని కవర్లలో ఫ్రిజ్ అడుగు అరలో పెడతాను. మళ్లీ కొత్త కాయ వచ్చేదాకా రంగు తిరగదు.

2025లో మిర్చి ధర కుప్పకూలిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. రైతులు యార్డు దగ్గర ఆందోళనకి దిగారు, చివరికి కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించింది. అంటే కేజీకి 118 రూపాయల లోపే. అదే నెలల్లో మా కొట్లో ప్యాకెట్ కారం ధర పైసా తగ్గలేదు. ఆ ఏడు మేం కల్లంలో యార్డు ధర కంటే కేజీకి పాతిక రూపాయలు ఎక్కువే ఇచ్చి తీసుకున్నాం. అయినా మాకు ప్యాకెట్‌తో పోలిస్తే ఎంతో తక్కువ పడింది, రైతుకి బండి కిరాయి, కమీషన్ మిగిలాయి. ఇద్దరికీ మేలు జరిగే బేరం దొరికినప్పుడు గీచి గీచి బేరమాడటం నాకు మనసొప్పదు.

చింతపండు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కొనాలి. కొత్త పండు ఎర్రగా, మెత్తగా ఉంటుంది. వర్షాకాలం దాటాక కొట్లో దొరికేది నల్లబడి ఉంటుంది, ధరేమో పైకి పోతుంది. పిక్క తీసినదాని ధర చూసి, పిక్కతో ఉన్నది చవకని చాలామంది తెచ్చుకుంటారు. పిక్కతో ఉన్నదానిలో మూడో వంతుకు పైగా బరువు పిక్కదే. ఆ లెక్క వేసుకున్నాక కూడా పిక్కతో ఉన్నదే చవకగా తేలితే కొనండి. ఇంట్లో కూర్చుని కొట్టే ఓపిక ఉన్న పెద్దవాళ్లు ఉంటే అప్పుడు లాభమే. మా అత్తగారి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక మేం పిక్క తీసినదానికి మారిపోయాం. పీచు, పెంకు ముక్కలు ఏరేసి, ఒకరోజు ఎండ చూపించి, పొర పొరకీ కాస్త కల్లుప్పు చల్లుతూ జాడీలో గట్టిగా అదిమి పెట్టాలి. ఇనుప డబ్బాలు, అల్యూమినియం గిన్నెలు వాడొద్దు, పులుపుకి తినేస్తాయి.

బియ్యంలో నేను కనిపెట్టిన లాభం ఇదీ. మేం తినేది బీపీటీ 5204, బాపట్ల పరిశోధన స్థానం 1986లో ఇచ్చిన సాంబ మసూరి. సంక్రాంతి తర్వాత కొత్త బియ్యం బస్తా పాత బియ్యం కంటే చవకగా దొరుకుతుంది, ఎందుకంటే వండితే ముద్దవుతుందని ఎవరూ తీసుకోరు. జనవరి, ఫిబ్రవరిలో కొత్త బియ్యం బస్తాలు వేయించుకుని ఆగస్టులో విప్పితే, అప్పటికి అవే పాత బియ్యం. కొట్టువాడు నిల్వ చేసినందుకు మన దగ్గర తీసుకునే డబ్బు మనకే మిగులుతుంది. విప్పేదాకా తినడానికి నిరుటి బస్తా ఉండాలి కాబట్టి మొదటి ఏడు మాత్రం రెండు ఖర్చులూ మీద పడతాయి. బస్తా మీద బరువు కూడా చూడండి. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులకి 25 కేజీల వరకు 5 శాతం జీఎస్టీ పడుతోంది. అది దాటితే లేదు. అందుకే చాలా మిల్లుల బస్తాలు 26 కేజీలకి మారాయి. ఒకచోట 25, ఇంకోచోట 26 ఉంటే బస్తా ధరలు పోల్చి లాభం లేదు, కేజీ ధర కట్టి చూడాలి.

నిల్వ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. ముక్కపురుగు పడుతుందని కొందరు బియ్యంలో బోరిక్ పొడి కలుపుతారు, పాదరసం గోళీలు వేస్తారు. తినే గింజలో అవి వెయ్యకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు. బస్తాని నేల మీద కాకుండా చెక్క మీద, గోడకి జానెడు దూరంలో పెట్టి, నీడలో బాగా ఎండిన వేపాకు గుడ్డసంచిలో కట్టి మధ్యలో పెడితే చాలావరకు ఆగుతుంది. జూలైలో ఒకసారి తీసి చూసుకోవాలి. చూసుకునే తీరిక లేనివాళ్లు రెండు బస్తాలకి మించి వేయించుకోవద్దు.

ఇక కందిపప్పు. పంట జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది కాబట్టి అప్పుడు కొంటే చవక అని మా అత్తగారి కాలం లెక్క. ఇప్పుడు అది నిలబడటం లేదు. మన దగ్గర పండేది చాలక మయన్మార్ నుంచి, మొజాంబిక్ నుంచి కందులు దిగుమతి అవుతున్నాయి. అవి ఎప్పుడు దిగితే అప్పుడు ధర కదులుతుంది, మన పంటకాలంతో సంబంధం లేదు. 2024 జూలైలో ధర మండిపోతుంటే ప్రభుత్వం రైతు బజార్లలో కేజీ 160 రూపాయలకి అమ్మించింది, బయట అంతకంటే బాగా ఎక్కువ. మరుసటి ఏడాదికి చూస్తే బాగా దిగొచ్చింది. ధర ఎక్కువున్నప్పుడు ఇంకా పెరుగుతుందేమోనని భయపడి పది కేజీలు కొన్నవాళ్లకి నష్టమే. అందుకని కందిపప్పు మేం మూడు నెలలకి మించి తేవడం లేదు. రుచి కోసం మాత్రం తాండూరు కందిపప్పు దొరికితే వదలను. దానికి 2022లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఉడకడంలో తేడా కుక్కర్ మూత తీయగానే తెలుస్తుంది. ధర కాస్త ఎక్కువే, ఆ ఎక్కువ నాకు పొదుపుకి అడ్డంగా అనిపించదు. బాగా ఉడికే పప్పు గుప్పెడు తక్కువ పోసినా సరిపోతుంది.

మినుములు అలా కాదు. కృష్ణా డెల్టాలో వరి కోతకి ముందే చేలో చల్లిన మినుము ఫిబ్రవరి, మార్చిలో చేతికొస్తుంది. అప్పుడు గింజలుగా కొని, ఎండబెట్టి, విసిరించుకుంటే పొట్టుపప్పు కొట్లో ధర కంటే తక్కువలో వస్తుంది. ఇడ్లీలకి పొట్టు తీయని పప్పు నానబెట్టి కడుక్కోవడం ఉదయాన్నే ఆఫీసుకి పరిగెత్తేవాళ్లకి కష్టం, గుళ్లే కొనుక్కోండి. ఉల్లిపాయల్లో వేసవి పంట నిలవుంటుంది. ఏప్రిల్, మేలో బస్తా తెచ్చి గాలి ఆడేచోట పరిచి, వారానికోసారి కుళ్లినవి ఏరేస్తే వినాయక చవితి దాకా వస్తాయి. సరిగ్గా అప్పటినుంచే ధర ఎగిరే అవకాశం ఎక్కువ. ఖరీఫ్ ఉల్లి బస్తా మాత్రం తేవద్దు, నీరు ఎక్కువ, నిలవుండదు.

నూనె నిల్వ చేస్తే కారువాసన వస్తుంది, గానుగ నూనె ఇంకా తొందరగా. నూనె కొనేటప్పుడు మాత్రం ప్యాకెట్ వెనక గ్రాములు చదవండి. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడ్డానికి అంతే ఉన్న ప్యాకెట్‌లో అంతకంటే తక్కువ గ్రాములు ఉండటం నేను చాలాసార్లు చూశాను, ఆఫర్ సాధారణంగా దాని మీదే ఉంటుంది. బెల్లం వర్షాకాలంలో నీరు కారుతుంది. ఒంటి సబ్బులు, పేస్టులకి పంటకాలం లేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాటి మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత ఎమ్మార్పీ ఉన్న సరుకు ఇంకా అంటగడుతున్నారేమో చూసుకుంటే చాలు. పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు మా ఇంట్లో కొత్తిమీర, పాలకే వాడతాం. అక్కడ ఒక్కో వస్తువు ధర కంటే, డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి వేసుకునే అదనపు వస్తువులతోనే బిల్లు పెరుగుతుంది.

ఈ పద్ధతికి పెద్ద అడ్డంకి డబ్బు. ఖర్చు చాలావరకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పడుతుంది, వెంటనే జూన్‌లో స్కూల్ ఫీజులు. అప్పు చేసి, లేదా క్రెడిట్ కార్డు మీద పెట్టి ఏడాది సరుకు కొంటే వడ్డీలోనే లాభమంతా పోతుంది. మేం మా లైన్‌లో పది ఇళ్లవాళ్లం కలిసి చిన్న చీటీ వేసుకుంటున్నాం, మార్చి పాట సరుకులకే అని ముందే అనుకుంటాం. దాంతో ఇంకో లాభం కూడా కలిగింది. అందరం కలిసి మిరపకాయలు తెప్పించుకుంటే ఆటో కిరాయి పంచుకుంటాం, టిక్కీ మొత్తం తీసుకుంటామంటే కొట్టువాడు ధర దించుతాడు. తూకం మాత్రం దగ్గరుండి చూడాలి. ఒక దుకాణంలో గోనెసంచి బరువు కూడా కాయలో కలిపి కట్టారు. సంచి విడిగా తూయించాకే డబ్బు ఇచ్చాం, ఆ కొట్టుకి మళ్లీ వెళ్లలేదు.

ఎండ తగలని ఫ్లాట్లో ఇద్దరే ఉండేవాళ్లకి నేను దీన్ని చెప్పను. నెలకి పావుకేజీ కారం ఖర్చయ్యే ఇంట్లో మర చుట్టూ తిరిగే శ్రమకి తగ్గ మిగులు రాదు. నలుగురూ అంతకుమించీ ఉండి, రోజూ ఇంట్లో వండుకునేవాళ్లు, డాబా ఉన్నవాళ్లు వచ్చే మార్చిలో కారం, చింతపండు రెండే మొదలుపెట్టి చూడండి. రేకు డబ్బాలు కొత్తవి కొనక్కర్లేదు. చింతపండుకి జాడీ, కారానికి గట్టి కవర్లు ఉంటే సరిపోతుంది. మరలో మీ కారానికి ముందు ఎవరు ఏం పట్టించారో అడగండి. పసుపో ధనియాలో పట్టి ఉంటే మొదటి గుప్పెడు విడిగా తీయించి, మిగతాది మీ డబ్బాలోకి పట్టుకోండి.