క్రుప్ ఫిరంగా, ఫ్రెంచ్ లా హిట్ ఫిరంగా?

1870లో ఫ్రాన్స్‌కూ, ప్రష్యా నాయకత్వంలోని జర్మన్ రాజ్యాలకూ జరిగిన యుద్ధంలో ఈ రెండూ ఎదురెదురుగా నిలిచాయి, నా ఓటు మాత్రం క్రుప్‌కే. లా హిట్ కంచుది, 1858 నాటిది, మూతి నుంచే మందుగుండు దట్టించాలి. తేలిక, లాక్కెళ్లడం సులువు, 1859లో ఇటలీలో ఆస్ట్రియన్లకు చుక్కలు చూపించింది కూడా. కానీ దాని గుండు గాల్లో పేలే టైం ఫ్యూజును రెండే దూరాలకు సెట్ చేయగలిగేవారు, శత్రువు ఆ మధ్యలో ఉంటే పేలుడు దండగే.

జర్మనీలోని ఎస్సెన్‌లో తయారైన క్రుప్ ఉక్కుది, వెనక నుంచి నింపేది, నేలను తాకగానే పేలే గుండ్లతో ఎక్కువ దూరం గురిగా కొట్టేది. బురదనేలలో ఆ గుండ్లు కూరుకుపోతే ప్రభావం తగ్గేదనుకోండి! అయినా ఫ్రాన్స్‌లోని సెడాన్ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని చుట్టుముట్టి చితక్కొట్టింది ఇవే. విచిత్రమేమిటంటే, 1867లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలోనే ఈ ఫిరంగుల తయారీదారు క్రుప్ తన భారీ ఫిరంగిని అందరికీ చూపించాడు. తర్వాత ఒట్టోమన్లు, రష్యన్లతో సహా చాలా సైన్యాలు క్రుప్‌నే కొన్నాయి.